దోవకనుమలో వీపు చూపి నిలిచిన తల్లి

దోవకనుమ నల్లమల అంచున, కొత్తదిన్నె గ్రామానికి పడమరగా రెండు కోసుల దూరంలో ఉన్నది. బస్సు కొత్తదిన్నె వరకు వస్తుంది. అక్కడి నుంచి కొండ కింది దాకా ఆటోలు ఉన్నాయి. ఆ పైన ఎంతటివారైనా చెప్పులు విడిచి కాలినడకన ఎక్కవలసినదే. మెట్లు లేవు. కట్టిస్తామని ముందుకు వచ్చిన దాతలకు చేతులు జోడించి వద్దన్నాము. గొర్రెలు ఎక్కిన దారిని మనుషులు ఎక్కలేరా?

కనుమ నడినెత్తిన రెండు పెద్ద బండల మధ్య ఒక సందు ఉన్నది. ఒక మనిషి, ఒక గొర్రె పక్కపక్కన నడవగలిగినంత వెడల్పు. ఆ సందుకు అడ్డంగా నిలువెత్తు నల్లరాయి నిలిచి ఉంటుంది. ఆ రాయే దోవమ్మ తల్లి. తల మీద నుంచి మడమల దాకా గొంగడి కప్పుకున్న ఆడమనిషి వెనకనుంచి ఎలా కనిపిస్తుందో అచ్చం అలా ఉంటుంది. గొంగడి మడతలను చేత్తో తడిమి చూడవచ్చు. మొదటిసారి వచ్చిన భక్తులు హారతి పళ్ళెం పట్టుకుని "ముందువైపు ఎటు స్వామీ?" అని నన్ను అడుగుతారు. ముందువైపు ఉన్నది, మనకు లేదు. అమ్మ పడమర ముఖంగా, కొర్రకోట వైపు చూస్తూ నిలిచింది. మనం తూర్పు నుంచి వస్తాము. సందు నిండా రాయే కాబట్టి అవతలికి పోయి ముఖం చూసే వీలు లేదు. మన వంతుకు దక్కేది వీపు దర్శనమే.

ఇది నచ్చనివారు చాలామందే వచ్చారు. ఒక భక్తుడు వెండి కళ్ళు, వెండి ముక్కుపుడక చేయించి తెచ్చి, వీపు మీదనే అతికించమన్నాడు. వీపు మీద కళ్ళేమిటయ్యా నీ మొహం, అని పంపించేశాను. పట్నం నుంచి వచ్చిన ఒక పండితుడు, పార్వతీదేవి శివుని మీద అలిగి అటు తిరిగి నిలిచిందని పదహారు శ్లోకాలు రాసి ఇచ్చారు. శ్లోకాలు బాగున్నాయి. కథ మాది కాదు. మా తల్లి ఎవరి మీదా అలగలేదు. ఆమె ఎందుకు అటు తిరిగిందో తెలియజేయడానికే ఈ చిన్న పుస్తకం.

రాస్తున్న నేను ఎర్రగొర్ల సుంకన్నను. బడిలో తెలుగు అయివారుగా పనిచేసి విరమించాను. ఇప్పుడు ఇక్కడ పూజారిని. నాది బొజ్జన్న వంశం. బొజ్జన్న ఎవరో, ఏం చేశాడో కథలో వస్తుంది. చదివాక మా వంశాన్ని తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, మాకు అలవాటే.

పూర్వం ఇక్కడ, కొండకు పడమటి వైపున, గొర్లదిన్నె అనే పల్లె ఉండేది. నలభై గడపలు. అందరూ గొర్రెల కాపరులు. ఉన్ని కత్తిరించి, వడికి, గొంగళ్ళు నేసుకుని బతికేవారు. వారి మీద ఏలుబడి కొర్రకోట పాలెగాడిది. ఆ పాలెగాడి పేరు కూడా మా పెద్దలు చెప్పేవారు గాని, అమ్మవారి పుస్తకంలో వాడికి చోటెందుకని నేను రాయడం లేదు.

ఒకసారి వరుసగా మూడేళ్ళు వానలు తప్పాయి. వాగులు ఎండిపోయాయి. పల్లెకు ఒక్క ఊటబావి మిగిలింది. పాలెగాడు ఆ బావి చుట్టూ బంట్లను నిలిపి, ఇంటికి రోజుకు ఒక తోలుతిత్తి నీళ్ళు మాత్రమే తోడుకోనిచ్చాడు. తరువాత టముకు వేయించాడు. "అమావాస్య లోపల గొర్రెలన్నిటినీ కోటలోకి తోలండి. ఆడా మగా వచ్చి కోటగోడకు రాళ్ళు మోయండి. రాకపోతే అమావాస్య దాటాక చుక్క నీళ్ళు ముట్టనివ్వను." రాళ్ళు మోయడానికి పోయిన పక్క పల్లెల వాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, గొర్లదిన్నె వాళ్ళకు ఆ నుయ్యి కూడా పాలెగాడిదే అయింది.

కొండకు తూర్పున ఎండని ఏరు ఉన్నది. అక్కడ పాలెగాడి మాట చెల్లదు. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ కనుమలో దారి ఏడు చోట్ల చీలుతుంది. ఏ చీలిక ఏటికి పోతుందో, ఏది లోయలో పడేస్తుందో పల్లెలో ఒక్కరికీ తెలియదు. లోపలికి పోయిన మేకల బొమికలే కొండ కింద దొరికేవి.

ఆ పల్లెకు కట్టుబాటు పెద్ద బొజ్జన్న. గొర్లదిన్నె వాళ్ళకు నీళ్ళ కట్టు అని ఒకటి ఉండేది. పరాయివారు ఎవరు నీళ్ళు పోసినా, దోసిలి పట్టకముందు "ఈ నీళ్ళు పోసే చేయి యా ఇంటిది?" అని అడగాలి. ఇంటిపేరు చెప్పాక, అది తాగదగిన ఇల్లేనని కట్టుబాటు పెద్ద తల ఊపాలి. అప్పుడే తాగాలి. అడగకుండా తాగినవారికి వెలి. ఈ కట్టు మొదట ఎందుకు పుట్టిందో, విషం భయమో, రోగం భయమో, ఎవరికీ గుర్తు లేదు. కారణం చచ్చిపోయింది, కట్టు మాత్రం గుండ్రాయిలా మిగిలింది. బొజ్జన్న దానిని ప్రాణం కంటే మిన్నగా కాపాడేవాడు. సొంత రక్తమైనా వదలడని పేరు.

బొజ్జన్నకు ఒక్కతే కూతురు, లచ్చుమక్క. తల్లి లేదు. మొగుణ్ణి పాలెగాడి బంట్లు మొదటి విడతలోనే రాళ్ళకు పట్టుకుపోయారు, ఆ మనిషి మళ్ళీ కనిపించలేదు. ఆమెకు ఎనిమిదో నెల. అమావాస్యకు ఐదు రోజులు ఉన్నాయి. కూతురూ, కడుపులోని బిడ్డా బతకాలంటే ఏరు చేరాలి. బొజ్జన్నకు ఆ దినాలలో వేరే ఆలోచన లేదు.

అలా ఉండగా ఒకనాటి ఉదయం లచ్చుమక్క కొండ కింద ఎండుకంప ఏరుతున్నది. బండ చాటు నుంచి తల నిండా గొంగడి కప్పుకున్న ఒక ఆకారం వచ్చి నిలబడింది. ముఖం కనిపించడం లేదు. ఆడ గొంతు.

"లచ్చుమక్కా, కనుమలో దోవ నాకు తెలుసు. రేపు పొద్దు పొడిచేటప్పటికి గొర్రెల్ని మేపుకు తోలినట్టే తోలుకొని రాండి. ఇద్దరు ముగ్గురుగా రాండి, బంట్లకు అనుమానం రాకుండా. నేను ముందు నడుస్తా. మూడు మాటలు. నా పేరు అడగొద్దు. నా ముఖం చూడొద్దు. నేను పోసే నీళ్ళు తాగాల."

తన పేరు ఈమెకు ఎలా తెలుసునని లచ్చుమక్క అడగబోయి, మొదటి మాట గుర్తుకువచ్చి నోరు మూసుకున్నది.

పాత పాటలలో, అమ్మ బొజ్జన్న కలలో కనిపించి ఆనతిచ్చిందని ఉంటుంది. అది తరువాత ఎవరో కలిపింది. కలలో వచ్చిన దేవతను నమ్మడం ఎంతసేపు? ఎదురుగా వచ్చి నిలబడ్డ మనిషిని నమ్మడమే గగనం. బొజ్జన్న ఆ రోజంతా పైపంచె కొస నమిలాడు. చివరికి పల్లె పెద్దలను కూర్చోబెట్టి చెప్పాడు.

"పేరు అడగొద్దంటే సరే. ముఖం చూడొద్దంటే సరే. నీళ్ళ మాట కుదరదు. మన తిత్తులు మనం మోసుకుపోదాం. ఆయమ్మ నీళ్ళతో మనకు పని పడదులే."

మరునాడు తెల్లవారగానే నలభై గడపలూ కదిలాయి. ముసలివారిని గొంగళ్ళలో మోశారు. గొర్రెల మెడ గంటలకు గడ్డి కుక్కారు. కొండ మొదట్లో ఆమె నిలబడి ఉన్నది. ఎవరితోనూ మాట్లాడలేదు. చేతికర్రతో బండ మీద ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే నడవాలి. అంతే. ఆమె వెనక లచ్చుమక్క, ఆ వెనక మంద, మంద వెనక మనుషులు. ఒకటో చీలిక వచ్చింది, ఎడమకు తిరిగింది. రెండోది, మళ్ళీ ఎడమకు. మూడో చీలిక దగ్గర అందరూ విశాలమైన దారి చూసి సంబరపడితే, ఆమె ముళ్ళపొద తప్పించి పిల్లిదారిలోకి దిగింది. ఒక్కచోట కూడా నిలబడి ఆలోచించలేదు. మన ఇంట్లో మనం వంటింటికి పోయినట్టు పోయింది.

మిట్టమధ్యాహ్నానికి ఐదు చీలికలు దాటారు. వైశాఖమాసపు ఎండ. తెచ్చుకున్న తిత్తులన్నీ అయిపోయాయి. చంటిపిల్లలు ఏడవడం మానేశారు, అది మరీ భయం. లచ్చుమక్క పెదవులు పగిలి, రెండడుగులకోసారి బండను పట్టుకుంటున్నది. కర్ర ఒకసారి మోగింది. గొంగడి మనిషి ఒక బండ కింది గుహలోకి వంగి, తొమ్మిది పెద్ద తిత్తులు బయటికి లాగింది. నిండుగా నీళ్ళు. ఏటి నుంచి అంత ఎత్తుకు ఎన్నాళ్ళు మోసి దాచిందో ఆమెకే తెలుసు.

ఆమె మొదటి తిత్తి మూతి విప్పి వంచి పట్టుకున్నది. ఆనవాయితీ ప్రకారం ముందు దోసిలి పట్టవలసినవాడు బొజ్జన్న. ఆయన ముందుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఈ నీళ్ళు పోసే చేయి యా ఇంటిది?" అన్నాడు.

ఆమె తిత్తిని ఇంకొంచెం వంచింది.

"పేరు అడగలేదమ్మా. ఇల్లే అడిగినా," అన్నాడు. మా తాత తెలివి చూడండి. మనుమరాలో మనుమడో కడుపులో ఎండిపోతున్నా, మాట తప్పకుండా కట్టు నిలబెట్టే ఉపాయం వెతుకుతున్నాడు.

ఆమె అప్పటికీ పలకలేదు. తిత్తి కొస నుంచి నీటి చుక్కలు బండ మీద పడి అట్లే ఆరిపోతున్నాయి. నలభై గడపల జనం ఆ చుక్కల వంక చూస్తూ నిలబడ్డారు గాని, ఒక్కరూ కదలలేదు. అప్పుడు లచ్చుమక్క తండ్రిని మోచేత్తో పక్కకు నెట్టింది.

"దప్పికకు ఇంటిపేరు ఉండాదా నాయనా?" అని దోసిలి పట్టి గటగటా తాగింది.

ఒకరు కదిలితే చాలు కదా. పిల్లలు, తల్లులు, ముసలివాళ్ళు, ఆ వెనక మీసాల వాళ్ళు, అందరూ తాగారు. బొజ్జన్న ఒక్కడే తాగలేదు. తాగలేదు గాని, తిత్తి మూతికి ఆమె తిరిగి ముడి వేయడం చూశాడు. అది ఎడమచేత్తో తిప్పి వేసే ముడి. బొజ్జన్న నాయన తన ఇద్దరు బిడ్డలకు మాత్రమే నేర్పిన ముడి.

అక్కడి నుంచి ఆయన కాళ్ళు నడుస్తున్నాయి గాని మనసు ఆ ముడి దగ్గరే ఉన్నది. ఆరో చీలిక, ఏడో చీలిక దాటి సందు ముందుకు వచ్చారు. ఆ సందు దాటితే ఇక దిగుడే, కింద ఏరు. ఇంకొక్క ఘడియ ఓర్చుకుంటే అయిపోయేది. ఓర్వలేకపోయాడు. మందను చీల్చుకుంటూ ముందుకు ఉరికి, ఆమె తల మీది గొంగడి పట్టి లాగేశాడు.

ఆమె బొజ్జన్న చెల్లెలు. పదకొండేళ్ళ కిందట ఇలాంటి కరువులోనే, దారిన పోయే ఎవరో పోసిన నీళ్ళను అడగకుండా తాగినందుకు, కొత్తగా కట్టుబాటు పెద్ద అయిన బొజ్జన్న తన నోటితోనే వెలివేసిన సొంత చెల్లెలు. వెలివేసినవారి పేరు పల్లెలో ఎవరూ పలకరాదు. అది కూడా కట్టే. పదకొండేళ్ళుగా ఆ పేరు ఎవరూ పలకలేదు. చచ్చిపోయిందనుకున్నారు. ఆమె చావలేదు. కొండలో తిరిగి తిరిగి, మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడి లేచి, దోవ మొత్తం నేర్చుకున్నది. ముఖం చూపితే ఈ జనం తన వెనక ఒక్క అడుగు కూడా వేయరని తెలుసు కాబట్టి కప్పుకుని వచ్చింది.

"అవునన్నా, నేనే," అన్నది.

చెల్లెలు బతికి ఉన్నదని సంతోషించవలసిన నోరు. ఆ నోట మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసునా? జనం వైపు తిరిగి, "ఒరేయ్, మనం తాగింది వెలిమనిషి నీళ్ళురా!" అని అరిచాడు. ఈ మచ్చ మా వంశానికి పోదు. పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు. ఏటేటా ఉత్సవంలో ఈ మాటను నేనే గొంతెత్తి చదువుతాను.

ఆ అరుపుతో నలభై గడపలూ నిలబడిపోయాయి. కొందరు వెనక్కి జరిగారు. గొంతులో వేళ్ళు పెట్టుకుని కక్కబోయినవాళ్ళూ ఉన్నారు. వెనక్కి పోయి పాలెగాడి కాళ్ళు పట్టుకుందామని ఒకాయన అన్నాడు. సరిగ్గా అప్పుడే కింద రెండో చీలిక దగ్గర దుమ్ము లేచింది. పాలెగాడి గుర్రాలు. గొర్రెల పెంట చూసుకుంటూ దారి తప్పకుండా వస్తున్నారు.

లచ్చుమక్క కడుపు మీద చేయి వేసుకుని సందుకు అడ్డంగా నిలబడింది.

"కక్కుకునేవాళ్ళు కక్కుకోండి. నా కడుపులో బిడ్డ కూడా ఆ నీళ్ళే తాగినాది. దాన్నేం చేస్తారు? కడుపులో ఉండంగానే వెలేస్తారా? చెప్పు నాయనా, నీ నోటితోనే చెప్పు."

బొజ్జన్న తన జీవితంలో అడిగిన ప్రశ్నలే గాని, జవాబు చెప్పవలసి వచ్చిన ప్రశ్న ఇదొక్కటే. కూతురు ఆయన జవాబు కోసం ఆగలేదు. మేనత్త వైపు తిరిగింది. "ఎడమచేతి గోడను వదలొద్దు తల్లీ, ఏరు అదే కనపడతాది," అన్నది మేనత్త. లచ్చుమక్క మందను అదిలించి సందులోకి దూరింది. మంద వెనక పిల్లలు, పిల్లల వెనక తల్లులు. కక్కబోయినవాళ్ళు కూడా మూతి తుడుచుకుని నడిచారు.

చివరకు అన్నాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు. బొజ్జన్నకు అప్పుడు ఏడుపు తన్నుకు వచ్చింది.

"రామ్మా. నిన్ను తిరిగి కలుపుకుంటా. నలుగురిలో నీ పేరు పిలిపిస్తా. ఆ పేరు నీకు మళ్ళీ ఇస్తా."

"నా పేరు పెరికింది నువ్వే. ఇప్పుడు దయపెడతావా? నీ దగ్గరే పెట్టుకో అన్నా, నాకొద్దు. పదకొండేండ్లు అది లేకుండానే బతికినా. ఇంక మీదట దప్పికతో వచ్చినోళ్ళను పేరు అడిగినావంటే మాత్రం ఊరుకోను. పో. పిల్ల ఒక్కతే ఉండాది."

గొంగడి మళ్ళీ తల మీదికి లాక్కుని, మన వైపు వీపు పెట్టి, పడమరకు తిరిగి, కర్ర అడ్డం పట్టుకుని సందులో నిలబడింది. ఏ ముఖం చూడవద్దని ఆమె మనలను అడిగిందో, ఆ ముఖం పాలెగాడి బంట్లకు మాత్రం ఎదురుగా చూపింది.

సందు దాటి దిగుతున్న బొజ్జన్నకు వెనకనుంచి మాటలు వినిపించాయి.

"ఎవతివే నువ్వు? పేరు చెప్పి పక్కకు జరుగు."

"పేరు లేదు. పక్కకు జరిగేదీ లేదు."

తరువాత గుర్రాలు బెదిరి సకిలించిన చప్పుడు, కొండ కదిలినట్టు ఒక్క పెద్ద ధ్వని. ఆ పైన ఏమీ వినబడలేదు. ఒక్క గుర్రం కూడా సందు దాటి రాలేదు.

పొద్దు కుంకేలోగా నలభై గడపలూ ఏరు చేరాయి. పదిహేను దినాలకు లచ్చుమక్కకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బొజ్జన్న వంశం ఆ పిల్లతోనే సాగింది.

ఏరు చేరిన మరునాడు ఉదయమే బొజ్జన్న ఏటి నీళ్ళు తిత్తి నిండా పట్టుకుని ఒక్కడే కొండ ఎక్కాడు. సందులో చెల్లెలు లేదు. ఇప్పుడు మీరు చూస్తున్న రాయి ఉన్నది. ఆయన తిత్తి విప్పి ఆ రాతి తల మీద నీళ్ళు పోశాడు. గొంగడి మడతల వెంట జారిన నీళ్ళకు కింద దోసిలి పట్టి తాగాడు. తాగి, ఆ రాతి కాళ్ళ దగ్గర పడి పెద్దపెట్టున ఏడ్చాడు. కిందికి వచ్చి, నేటితో నీళ్ళ కట్టు తెగిపోయిందని చెప్పాడు. మూడు గడపల వాళ్ళు ఒప్పుకోక వేరే ఊరు వెళ్ళిపోయారు. పోనీండి. మిగిలినవారు కట్టుకున్న ఊరే కొత్తదిన్నె.

సాక్షాత్తు ఆదిశక్తే ఆ చెల్లెలి రూపంలో వచ్చిందని చెప్పే పెద్దలు ఉన్నారు. వారికి నమస్కారం. మా ఇంటి మాట వేరు. ఆమె మనిషి. దేవత అయితే దోవ తెలుసుకోవడానికి పదకొండేళ్ళు ఎందుకు పడుతుంది? తొమ్మిది తిత్తులు భుజాన మోయవలసిన పని ఏమిటి? మనిషై ఉండి అంత పని చేసింది కాబట్టే మొక్కుతున్నాము.

నాటి నుంచి నేటి వరకు ఈ క్షేత్రంలో అర్చనకు గోత్రం, ఇంటిపేరు, పేరు అడగరు. చెప్పబోయినా పూజారి చెవులు మూసుకుంటాడు. రాతి వీపు మీద పోసిన నీళ్ళే తీర్థం, వచ్చినవారందరికీ ఒకే వరుస. ఏటా వైశాఖ బహుళ ద్వాదశినాడు దోవ నడక జరుగుతుంది. ముందురోజు ఒక కొత్త గొంగడిని కొండ కింది బండ మీద ఉంచి అందరమూ ఇళ్ళకు వెళ్ళిపోతాము. తెల్లవారి వచ్చేసరికి ఎవరో ఒక ఆడమనిషి దానిని కప్పుకుని నిలబడి ఉంటుంది. ఏ ఏటికి ఆ ఏడు వేరు మనిషి. ఆమె ముందు నడుస్తుంది, మేము వెనక నడుస్తాము. సగం కొండ దగ్గర తోలుతిత్తితో అందరికీ నీళ్ళు పోస్తుంది. ఎవరని ఎవరూ అడగరు.

ఆరేళ్ళ కిందట ఒక పెద్దమనిషి మందీ మార్బలంతో నడకకు వచ్చాడు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి, "ముసుగు తీయమనండి, ఎవరో ఏమిటో తెలియకుండా మేమెట్లా తాగుతాం?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల, వరుసలో ముందున్న ముసలమ్మ కొంగు ముఖం మీదికి లాక్కున్నది. ఆమె వెనక కోడలు, ఆ వెనక మరొకామె. మగవాళ్ళు తువ్వాళ్ళు కప్పుకున్నారు. క్షణంలో కొండ మీద ఒక్క ముఖం లేదు. ఆయన తన డ్రైవరు కోసం వెతుక్కుంటే ఆ డ్రైవరు కూడా తువ్వాలు కిందనే ఉన్నాడు. పెద్దమనిషి గంటసేపు బండ మీద కూర్చున్నాడు. ఎండ ఎవరి హోదా చూడదు కదా. చివరికి వచ్చి దోసిలి పట్టాడు.

ఈ నడక నడిస్తే ఫలమేమిటని భక్తులు అడుగుతారు. సంతానం, ఆరోగ్యం, పోయిన పశువులు దొరకడం, ఇవన్నీ కలిగినట్టు చెప్పినవారు ఉన్నారు. వారి మాట వారిది. నాకు దక్కిన ఫలం ఒకటి చెబుతాను.

పోయిన ఏడు నడకలో నేను దోసిలి పట్టి వంగినప్పుడు, గొంగడి కింద నుంచి చిన్న దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా మా ఇంటికీ ఆమె ఇంటికీ మాటల్లేవు. తప్పు నాది. మా అమ్మ కర్మనాడు సాయం చేయడానికి వచ్చి ఆమె మా నీళ్ళ బిందె ముట్టుకున్నదని, నలుగురు చుట్టాలు మొహం చిట్లించారు. నేను, ఏటేటా బొజ్జన్న కథ చదివి వినిపించే నేను, ఆ చుట్టాల ముందు పరువు కోసం బిందెడు నీళ్ళు ఆమె చూస్తుండగా వాకిట్లో కుమ్మరించాను. ఆ మనిషి ఇప్పుడు నా దోసిట్లో నీళ్ళు పోసింది. కొండ మీద కాబట్టి తాగి, తల వంచుకుని నడిచాను. ఆమె ఎవరో రాయను. మిగిలినదంతా ఆమెను అడిగే రాశాను. "రాసుకో, సిగ్గు నీదే కదా," అన్నది.

మరునాడు పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా, ఆమె వాకిట్లోకి పోయి నిలబడ్డాను. "అమ్మా, దప్పికగా ఉంది," అన్నాను. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అక్కడే నిలబడి తాగాను. ఖాళీ చెంబు అందుకుంటూ, "చాలునా అయివారూ, బిందె తెచ్చేదా?" అన్నది.

తెమ్మన్నాను.